పీడీ-1 ఇంజెక్షన్, అలిసిపోయిన టి సెల్స్, ఉస్మానియా రఫీ అహ్మద్ – కొంచెం తెలుగులో చెప్పండ్రి ఎవరన్నా

సైనిక్‌పురి_సురేశ్
అందరికీ నమస్తే. మా నాన్నకి లంగ్ క్యాన్సర్ అని మొన్న ఎండాకాలంల బయటపడ్డది. కీమో నాలుగు సైకిల్స్ అయినయ్, ఇప్పుడు ఇమ్యునోథెరపీ పెడదాం అంటున్నరు. నిన్న డాక్టర్ గారు ప్రిస్క్రిప్షన్ వెనక ఒక గుండ్రం గీసి, కింద పెడల్ లెక్క ఒకటి గీసి, "ఇది మీ టి సెల్, రోగంతోని కొట్లాడే తెల్లకణం, దీనికి పీడీ-1 అని బ్రేకు ఉంటది, క్యాన్సర్ వచ్చి ఆ బ్రేకు మీద కాలు పెట్టి కూసుంటది, మనం ఇంజెక్షన్‌తోని ఆ కాలు తీపిస్తం" అని చెప్పిండు. మా నాన్న ఆర్టీసీల 31 ఏళ్ళు బస్సు నడిపిన మనిషి. అంతా ఇని ఒక్కటే అడిగిండు, "సార్, బ్రేకు పనిచెయ్యకుంట చేస్తే మరి బండి ఆగుడెట్ల?" డాక్టర్ నవ్విండు గానీ బయట ఇంక ఇరవై మంది ఉన్నరు, లేచిండు. పోతా పోతా ఇదంతా ఎలుకలల్ల ఒక వైరస్ మీద రీసెర్చ్ చేస్తే తెలిసింది, చేసినాయన మన ఉస్మానియాల చదివినాయనే అని ఒక ముక్క చెప్పిండు.

రాత్రంతా ఫోన్ల చూసిన, ఏం సమజ్ కాలే. ఎలుకల వైరస్‌కి మా నాన్న ఊపిరితిత్తికి ఏం సంబంధం? నాన్న అడిగినదానికి జవాబేంది?

తార్నాక_తిరుగుబోతు
ఉస్మానియానా! ఆర్ట్స్ కాలేజ్ మెట్ల మీద కూసున్నోళ్ళల్ల ఒకాయనన్నా పనికొచ్చే పని చేసిండన్నట్టు 😄 నాన్నకి జల్ది తక్కువ కావాలె అన్నా. పద్మక్కని పిలువుండ్రి, ఆమె పొద్దంత ఎలుకలతోనే ఉంటది.

పిపెట్_పద్మ
వచ్చా వచ్చా. సురేశ్ గారూ, ముందు నాన్నగారికి నా నమస్కారం చెప్పండి, ఆయన అడిగిన ప్రశ్న మా ఫీల్డ్‌లో ఇరవై ఏళ్ళుగా జనం కొట్టుకుంటున్న ప్రశ్న. నిదానంగా చెప్తా, పొడుగైతే తిట్టకండి.

డాక్టర్ గారు చెప్పింది రఫీ అహ్మద్ గారి గురించి. పుట్టింది హైదరాబాద్‌లోనే, ఉస్మానియాలో బీఎస్సీ, తర్వాత అమెరికా, హార్వర్డ్‌లో పీహెచ్‌డీ, చాలా ఏళ్ళుగా అట్లాంటాలో ఎమరీ యూనివర్సిటీ వ్యాక్సిన్ సెంటర్.

ఎల్‌సీఎంవీ అని ఎలుకల వైరస్ ఒకటుంది. 1933లో చార్లెస్ ఆర్మ్‌స్ట్రాంగ్ అనే ఆయన దొరకబుచ్చుకున్నాడు, అందుకే పాత స్ట్రెయిన్ పేరు ఆర్మ్‌స్ట్రాంగ్. దీన్ని ఎదిగిన ఎలుకకి ఎక్కిస్తే వారం పది రోజుల్లో టి సెల్స్ మొత్తం ఊడ్చేస్తాయి, వైరస్ ఖతం. 1984లో రఫీ గారు, అప్పుడు కాలిఫోర్నియాలో మైకేల్ ఓల్డ్‌స్టోన్ ల్యాబ్‌లో ఉన్నారు, పుట్టినప్పటినుంచీ ఈ వైరస్ మోస్తున్న ఎలుకల ప్లీహం నుంచి ఇంకో రకం తీశారు, దాని పేరు క్లోన్ 13. ఆర్మ్‌స్ట్రాంగ్‌కి సొంత బిడ్డే, తేడా చాలా కొంచెం, కానీ దీన్ని ఎక్కిస్తే పోదు. రక్తంలో రెండు మూడు నెలలుంటుంది, కిడ్నీల్లో ఇంకా ఎక్కువ. అంటే ఒకే జాతి ఎలుక, దాదాపు ఒకే వైరస్, ఒకదాంట్లో జలుబులా వచ్చి పోయే జబ్బు, ఇంకోదాంట్లో హెపటైటిస్ బి లాగా, హెచ్ఐవీ లాగా తిష్ట వేసే జబ్బు. రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు. మాకు ఇంతకంటే బంగారం ఏముంటుంది చెప్పండి.

అందరూ ఏమనుకునేవాళ్ళంటే వైరస్ పోలేదంటే టి సెల్స్ చచ్చిపోయుంటాయి అని. కొన్ని చచ్చిపోతాయి నిజమే. కానీ 1998లో ఈయన ల్యాబ్ చూపించింది ఏంటంటే చాలా సెల్స్ అక్కడే ఉన్నాయి, వైరస్‌ని గుర్తుపడుతున్నాయి, పని మాత్రం చేయట్లేదు! ఆఫీసుకొచ్చి రిజిస్టర్లో సంతకం పెట్టి, ఫ్యాన్ కింద కూర్చుని, ఫైల్ ముట్టుకోని గుమాస్తా లాగా అన్నమాట. దీన్నే ఎగ్జాషన్ అంటారు, అలసట. ఎందుకు ఇలా అయ్యాయి అని ఆ సెల్స్‌లో ఏ జీన్స్ ఎక్కువ ఆన్ అయ్యాయో చూస్తే పైకి తేలింది పీడీ-1. ఆ బ్రేకుని, దానికి అతుక్కునే యాంటీబాడీ అనే ప్రోటీన్‌తో అడ్డుకోగానే గుమాస్తా లేచి ఫైల్ తీశాడు, వైరస్ తగ్గింది. అది 2006, నేచర్ పత్రికలో వచ్చింది, రాసినవాళ్ళలో మొదటి పేరు డేనియల్ బార్బర్ అని. ఈ పేరు గుర్తు పెట్టుకోండి, మళ్ళీ వస్తాడు.

క్యాన్సర్ గడ్డలో కూడా టి సెల్స్ ఇదే స్థితిలో ఉంటాయి, ఎందుకంటే అక్కడ కూడా శత్రువు నెలల తరబడి కళ్ళముందే ఉంటాడు కదా. సంబంధం అదీ.

గోల్కొండ_జీకే
పద్మ గారు బాగా చెప్పారు కానీ ఒక అభ్యంతరం. ప్రతిదానికీ మనవాడు మనవాడు అని చంకలు గుద్దుకోవడం మనకి అలవాటు. పీడీ-1 కనిపెట్టింది క్యోటోలో తసుకు హోంజో ల్యాబ్, 1992లో. నోబెల్ 2018లో హోంజోకి, జేమ్స్ ఆలిసన్‌కి వచ్చింది. రఫీ అహ్మద్‌కి రాలేదు. మందు కనిపెట్టినట్టు రాయకండి.

పిపెట్_పద్మ
మందు కనిపెట్టారని నేనెక్కడ రాశానండీ! హోంజో వాళ్ళు 1992లో ఆ ప్రోటీన్ పట్టినప్పుడు అది సెల్ చావుకి సంబంధించింది అనుకున్నారు, పీడీ అంటే ప్రోగ్రామ్డ్ డెత్, పేరులో డెత్ ఉన్నది అందుకే. అది బ్రేకు అని తర్వాత వాళ్ళే ఎలుకల్లో తేల్చారు, దాన్ని నొక్కే కాలు పీడీ-ఎల్1 అని 1999, 2000 ప్రాంతంలో ఇంకొందరు పట్టారు. పీడీ-1 అడ్డుకుంటే ఎలుకల్లో గడ్డలు తగ్గుతాయని కూడా 2006 కంటే ముందే చూపించారు. రఫీ గారి వాటా వేరే: మూలన పడిపోయిన టి సెల్‌ని బతికున్న జంతువులో, పాతుకుపోయిన జబ్బులో మళ్ళీ లేపొచ్చు అని చూపించడం. మందులు మార్కెట్‌లోకి 2014లో వచ్చాయి. ఒక బస్సుకి ఒక్కడే ఓనర్ ఉండాలని ఏముంది.

తార్నాక_తిరుగుబోతు
జీకే అన్నా, చంకలు గుద్దుకునే హక్కు కూడ గుంజుకుంటే ఎట్లనే. మాకున్నదే అది.

కషాయం_కింగ్
ఇవన్నీ లక్షల ఖర్చు. మా తాత రోజూ తిప్పతీగ రసం తాగి 92 ఏళ్ళు బతికాడు. ఇమ్యూనిటీ పెంచుకుంటే ఏ రోగం రాదు. పసుపు, మిరియాలు, తిప్పతీగ, ఉసిరి. సురేశ్ గారు నాన్నగారికి ఇంజెక్షన్ బదులు ఇది 48 రోజులు ట్రై చేయండి, ఇమ్యూనిటీ డబుల్ అవుద్ది.

నైట్‌డ్యూటీ_నరేంద్ర
కింగ్ గారూ, "బదులు" అనే మాట దయచేసి వద్దు. పల్మనాలజీ, అంటే ఊపిరితిత్తుల విభాగంలో పీజీని, రాత్రి మూడింటికి ఇలాంటివి చదివితే బీపీ పెరుగుతుంది. ఇమ్యూనిటీ డబుల్ అయితే మంచిదని ఎవరన్నారు? కోవిడ్‌లో వెంటిలేటర్ మీదున్నవాళ్ళ మరణాలు మూడో వంతు తగ్గించిన మందు ఏంటో తెలుసా? డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్. 2020లో బ్రిటన్ ట్రయల్‌లో తేలింది. అది ఇమ్యూనిటీని పెంచే మందు కాదు, అణిచే మందు. చవకగా ఉంటుంది కూడా, మీ ఉసిరి కంటే.

కషాయం_కింగ్
అల్లోపతి వాళ్ళకి మన వైద్యం అంటే చులకన. సరే.

మూసీ_మాస్టారు
నాయనా గొడవ వద్దు. నేను రిటైర్డ్ బోటనీ లెక్చరర్ని, 74 వచ్చాయి. పద్మ తల్లీ, నాదొక సందేహం. నా ముంజేతి మీద రూపాయి బిళ్ళంత మచ్చ ఉంది, చిన్నప్పుడు మశూచి టీకా వేసినప్పటిది. మా ఊళ్ళో అప్పుడు అమ్మవారు పోసిందనేవాళ్ళు, టీకా ఆయన వస్తున్నాడంటే మేమంతా గడ్డివాముల్లో దాక్కునేవాళ్ళం, మా నాయనమ్మే చెవి పట్టుకుని లాక్కొచ్చింది. అరవై ఏళ్ళు దాటింది కదా, ఆ టీకా తాలూకు జ్ఞాపకం ఇంకా నా ఒంట్లో ఉంటుందా? ఆ సెల్స్ కూడా అలిసిపోయి ఉంటాయా?

పిపెట్_పద్మ
మాస్టారూ, ఎంత మంచి ప్రశ్న వేశారు! మీవి అలిసిపోలేదు, నిద్రపోతున్నాయి, ఈ రెండూ వేరు. శత్రువు పోయాక విశ్రాంతి తీసుకున్న సెల్ మెమరీ సెల్ అవుతుంది, శత్రువు పోకుండా కళ్ళముందే నెలలు నెలలు ఉంటే అలిసిపోతుంది. రఫీ గారి ల్యాబ్ పనిలో సగం దీని మీదే. 2003లో వాళ్ళు మశూచి టీకా వేసుకున్నవాళ్ళ రక్తం చూస్తే యాభై ఏళ్ళు దాటినా మెమరీ బి సెల్స్ (యాంటీబాడీలు తయారుచేసే జాతి) ఉన్నాయి. మశూచి లోకంలోంచే పోయిందని 1980లో ప్రకటించారు, అంటే మధ్యలో ఎవరూ గుర్తుచేయకపోయినా ఉన్నాయి!

ఇంకోటి నాకు భలే ఇష్టమైనది. ఎల్లో ఫీవర్ టీకా వేసుకున్నవాళ్ళకి భారజలం కొద్దికొద్దిగా తాగించారు. దాంట్లో హైడ్రోజన్ కొంచెం బరువైనది, సెల్ విడిపోయి రెండైనప్పుడు కొత్త డీఎన్ఏలోకి అది చేరిపోతుంది, గుర్తు పడిపోతుంది. అకొండి అని మన ఇంటిపేరున్న సైంటిస్టు ముందుండి చేసిన పని, 2017లో వచ్చింది. టీకా వేసిన మొదటి రెండు వారాల్లో విపరీతంగా పెరిగిన ఆ టి సెల్సే తర్వాత మెమరీగా మిగిలాయి, మిగిలాక ఏడాదికి ఒక్కసారి కూడా విడిపోవట్లేదు. కదలకుండా కూర్చున్నాయి కానీ పిలిస్తే రెడీ.

మూసీ_మాస్టారు
నాయనమ్మ పోయి నలభై ఏళ్ళయింది. ఆవిడ చెవి పిండిన పుణ్యం ఇంకా నడుస్తోందన్నమాట.

తార్నాక_తిరుగుబోతు
అక్కా డెంగీ సంగతి కూడ చెప్పరాదు, నాకు పోయినేడు వచ్చింది, ప్లేట్లెట్లు 40 వేలకి పడ్డయ్, మా అమ్మ బొప్పాయి ఆకు రసం పోసి పోసి నా నోరు చేదు చేసింది. రిపోర్టుల లింఫోసైట్స్ అనే తెల్లకణాలు ఎక్కువున్నయ్ అని రాసిండ్రు. గవి గూడ టి సెల్సేనా?

పిపెట్_పద్మ
కొన్ని టి సెల్స్, కానీ డెంగీలో అసలు జాతర బి సెల్స్‌ది. యాంటీబాడీ తయారు చేసే ప్లాస్మాబ్లాస్ట్ అనే సెల్స్ మామూలుగా రక్తంలో వెతికితే గానీ దొరకవు. థాయ్‌లాండ్ పేషెంట్ల రక్తంలో ఎమరీ వాళ్ళూ అక్కడి వాళ్ళూ కలిసి చూస్తే కొందరిలో లింఫోసైట్లలో 30 శాతం దాకా అవే ఉన్నాయి, 2012లో వచ్చిన పేపర్. జ్వరం తగ్గే రోజుల్లోనే ఈ ఉప్పెన. ప్లేట్లెట్లు పడేది, రక్తనాళాలు కారేది కూడా సరిగ్గా అప్పుడే. ఇది దానివల్లే అని నేను అనట్లేదు, టైమింగ్ చెప్తున్నా. రెండోసారి వేరే రకం డెంగీ వస్తే ప్రమాదం ఎక్కువ కాబట్టి నువ్వు కూలర్లో నీళ్ళు మార్చు ముందు.

మీకు ఈ డెంగీ రక్తంతో నా పరువు పోయిన కథ చెప్పాలి. పీహెచ్‌డీ రెండో ఏడు. ఒక ఆసుపత్రి నుంచి ఐసు డబ్బాలో కాదు, మామూలు గది వేడిలోనే, జాగ్రత్తగా ట్యూబులు ఒళ్ళో పెట్టుకుని ఆటోలో తెచ్చుకునేదాన్ని. తెచ్చిన రక్తంలో సెలైన్ కలిపి, ఫైకాల్ అనే చిక్కటి ద్రవం మీద చుక్క చుక్కగా ట్యూబు గోడ మీంచి జార్చాలి, రెండూ కలవకూడదు, చెయ్యి వణికిందా పోయింది. తర్వాత అరగంట సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే అడుగున ఎర్రగా, పైన పసుపుగా ప్లాస్మా, మధ్యలో పాలమీగడ తునక లాగా సన్నటి తెల్లటి వలయం. మాకు కావాల్సిన సెల్స్ అన్నీ ఆ వలయంలోనే. అయితే ఒక రూలుంది, తిరగడం అయ్యాక మిషన్ తనంతట తనే మెల్లగా ఆగాలి, బ్రేకు ఆఫ్‌లో పెట్టాలి, బ్రేకు ఉంటే గబుక్కున ఆగి పొరలన్నీ కలిసిపోతాయి. నా ముందు వాడినవాళ్ళు బ్రేకు ఆన్ చేసి వెళ్ళారు, నేను చూసుకోలేదు. మూత తీస్తే వలయం లేదు, గులాబీ రంగు నీళ్ళు. పదమూడేళ్ళ పిల్ల రక్తం అది, వాళ్ళమ్మ సంతకం పెడుతూ "దీనివల్ల ఇంకో పిల్లకైనా మేలు జరుగుద్దా" అని అడిగింది నన్ను. ఆ రోజు బాత్రూంలో ఏడ్చా. ఇప్పటికీ మూత వేసే ముందు బ్రేకు బటన్ రెండుసార్లు చూస్తా.

గోల్కొండ_జీకే
ఈ పోస్టు బాగుంది. మొన్న నేను కొంచెం దురుసుగా రాశాను.

సైనిక్‌పురి_సురేశ్
పద్మక్కా మొత్తం నాన్నకి చదివి వినిపించిన. గుమాస్తా దగ్గర బాగ నవ్విండు, మా డిపోల అసొంటోళ్ళు నలుగురున్నరు అన్నడు. మళ్ళ అదే అడిగిండు, "గదంతా సరే బిడ్డా, బండి ఆగుడెట్ల?" 

పిపెట్_పద్మ
దాటేద్దామనుకున్నా, వదిలేలా లేరు మీ నాన్నగారు 😊 2006 పేపర్లోనే ఒక మూల ఈ జవాబుంది, ఎవరూ పెద్దగా చెప్పరు. బ్రేకు నొక్కే పీడీ-ఎల్1 పుట్టుకతోనే లేని ఎలుకలకి క్లోన్ 13 ఎక్కించారు. మామూలు ఎలుకలు నెలల తరబడి వైరస్‌తో బతికాయి. ఇవి వారం తిరక్కుండానే చచ్చిపోయాయి. చంపింది వైరస్ కాదు, వాటి టి సెల్సే, ఒళ్ళంతా వైరస్ ఉంటే ఒళ్ళంతా కొట్టుకుంటూ పోయాయి. అంటే ఆ గుమాస్తా బద్ధకస్తుడేమీ కాదు, ఒళ్ళు నాశనం కాకుండా ఎవరో కావాలనే కూర్చోబెట్టారు. ఇంజెక్షన్ తీసుకున్నవాళ్ళలో కొందరికి థైరాయిడ్ దెబ్బతినడం, విరేచనాలు, ఊపిరితిత్తుల వాపు వచ్చేది అందుకే. వస్తే స్టెరాయిడ్ ఇచ్చి బండి నెమ్మది చేస్తారు. అందుకే ప్రతి డోసుకి ముందు రక్తపరీక్షలు.

నైట్‌డ్యూటీ_నరేంద్ర
పద్మ గారు గుర్తు పెట్టుకోమన్న బార్బర్ ఇక్కడ మళ్ళీ వస్తాడు కదా, నేను చెప్తా, ఇది మా డిపార్ట్‌మెంట్ సబ్జెక్టు. ఆయన తర్వాత టీబీ మీదికి వెళ్ళాడు. పీడీ-1 లేని ఎలుకకి టీబీ ఎక్కిస్తే టి సెల్స్ బాగా పెరుగుతాయి, కాబట్టి టీబీ తగ్గాలి కదా? తిరగబడింది. క్రిములు ఇంకా పెరిగాయి, ఊపిరితిత్తులు పాడై త్వరగా చచ్చాయి, దానికి కారణం ఆ టి సెల్సే అని 2011లో చూపించాడు. తర్వాత మనుషుల్లో కూడా పీడీ-1 మందు తీసుకున్న కొందరిలో టీబీ బయటపడినట్టు రిపోర్టులు వచ్చాయి. అందరికీ కాదు, భయపెట్టడానికి రాయట్లేదు. కానీ మన దేశంలో టీబీ ఎంత ఉందో తెలిసిందే.

సురేశ్ గారూ, నాన్నగారికి ఎప్పుడైనా టీబీ వచ్చిందా? ఇంట్లో ఎవరికైనా?

సైనిక్‌పురి_సురేశ్
చేతులు వణుకుతున్నయన్నా. వచ్చింది. నేను ఐదో క్లాసుల ఉన్నప్పుడు. ఎర్రగడ్డ ఛాతీ దవాఖానకి పోయి ఆర్నెల్లు మందులు వాడిండు, ఎవ్వలికి చెప్పొద్దని మా అమ్మ మాతోని ఒట్టేయించుకుంది, డ్యూటీ పీకేస్తరని భయం. కండక్టర్‌కి గూడ తెల్వది. క్యాన్సర్ డాక్టర్ "పాత జబ్బులేమన్నా ఉన్నయా" అంటే నాన్న షుగర్ ఒక్కటే చెప్పిండు. నేను పక్కనే ఉన్న, నాకు యాదికే రాలే.

నైట్‌డ్యూటీ_నరేంద్ర
కంగారు లేదు, ఇంకా మొదటి డోసు పడలేదు కదా. రేపు పొద్దున్నే ఫోన్ చేసి చెప్పండి. పూర్తి కోర్సు వాడారా, మధ్యలో మానేశారా అన్నది ముఖ్యం. పాత ఎక్స్‌రే దొరికితే పట్టుకెళ్ళండి, దొరక్కపోయినా పర్వాలేదు. టీబీ వచ్చిందన్నంత మాత్రాన ఇంజెక్షన్ వద్దని అనరు, ఇప్పుడు లేదని చూసుకుని మొదలుపెడతారు, కన్నేసి ఉంచుతారు. మధ్యలో సైడ్ ఎఫెక్ట్‌కి స్టెరాయిడ్ ఇవ్వాల్సొస్తే అప్పుడు కూడా ఈ మాట గుర్తుచేయండి, స్టెరాయిడ్ కూడా టీబీని లేపుతుంది.

కషాయం_కింగ్
సురేశ్ గారు, డాక్టర్ చెప్పినట్టే చేయండి. నేను అన్నది పట్టించుకోకండి. మా పిన్నికి కూడా టీబీ వచ్చింది, మేమూ దాచాం.

సైనిక్‌పురి_సురేశ్
పన్నెండు రోజుల తర్వాత అప్‌డేట్. డాక్టర్‌కి చెప్పినం. ఆయన కోప్పడలే, సీటీ మళ్ళ తెరిచి పై భాగంల చిన్న పాత మచ్చ చూపిచ్చిండు, నేను క్యాన్సర్ గడ్డ చూసుకుంటా దీన్ని పాతది అని వదిలేసిన అన్నడు. కఫం జీన్‌ఎక్స్‌పర్ట్ అనే టీబీ టెస్టుకి పంపిండ్రు, నెగెటివ్ వచ్చింది. నాన్న ఆర్నెల్లు ఒక్క రోజు గూడ తప్పకుండ వేసుకున్ననని చెప్పిండు, అమ్మ గూడ తలూపింది. మొన్న సోమవారం మొదటి డోసు పడ్డది. గంట లోపల అయిపోయింది. నాన్న కుర్చీల కూసుని డ్రిప్ చుక్కలు లెక్కపెట్టుకుంట, "శ్రీశైలం ఘాట్ దిగేటప్పుడు పాసింజర్లందరు నిద్రపోతరురా, నేనొక్కన్నే మేల్కొనుంటుంటి" అన్నడు. ఇంటికొచ్చి రెండు ఇడ్లీలు తిన్నడు.

మూడు వారాలకి రెండో డోసు, దానికి ముందు థైరాయిడ్, లివర్, షుగర్ టెస్టులు రాసిండ్రు. రిపోర్టు రాంగనే ఫోటో పెడత అక్కా, నరేంద్రన్నా, ఒకసారి చూడుండ్రి.

నైట్‌డ్యూటీ_నరేంద్ర
పెట్టండి, కానీ పేరు, ఫోన్ నంబర్ మీద వేలు పెట్టి ఫోటో తీయండి. దగ్గు కొత్తగా మొదలైనా, మెట్లెక్కితే ఆయాసం పెరిగినా ఇక్కడ పోస్టు పెట్టి కూర్చోకుండా ముందు వాళ్ళకి ఫోన్ చేయండి.

తార్నాక_తిరుగుబోతు
కూలర్ల నీళ్ళు మార్చిన పద్మక్కా. ఫోటో పెట్టాల్నా?